నాలుగో మెట్టు మీద పిలుపు

"మూడుంపావుకి నువ్వు తలుపు తీశావు. నాలుగు గంటల రెండు నిమిషాలకు అంబులెన్సుకి ఫోన్ చేశావు. మధ్యలో నలభై ఏడు నిమిషాలు. అందులో ఒక్క నిమిషం కూడా నా దగ్గర దాచకు" అన్నాను.

సాత్విక తల ఊపింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. కరీంనగర్ నుంచి వచ్చి, మాంట్రియల్‌లో రెండేళ్ళ డిప్లొమా ముగించి, వర్క్ పర్మిట్‌కి అప్లై చేసి ఎదురుచూస్తోంది. వారానికి నాలుగు రోజులు ఈ ఇంట్లో లివియో కస్తాల్దీ అనే ఎనభై ఆరేళ్ళ ఇటాలియన్ పెద్దాయనకు వంట చేసి, మందులిచ్చి, కాసేపు నడిపించేది. ఆరు రోజుల కిందట, శనివారం, ఆయన ఈ మేడ బయటి ఇనుప మెట్ల మీద నుంచి పడ్డాడు. అప్పటి నుంచి ఆస్పత్రిలో కళ్ళు తెరవలేదు. బీరువాలో ఉండాల్సిన ఆయన భార్య ముత్యాల దండ కూడా లేదు. ఈ పిల్లే ఆయన్ను తోసేసి దండ కాజేసిందని కూతురు ఫ్లావియా ఫిర్యాదు చేసింది.

సాయంత్రం ఐదింటికి ఇన్సూరెన్సు కంపెనీ పరిశోధకుడు పోలీసులకు రిపోర్టు ఇస్తాడు. అందులో సాత్విక పేరు ఎక్కితే కేసు ఖాయం. కేసు పడితే పర్మిట్ సంగతి దేవుడెరుగు, ముందు బెయిల్ సంగతి చూసుకోవాలి.

నా పేరు కృపాబాయి. బాపట్లలో పదకొండేళ్ళు ఎస్సైగా చేసి, ఇక్కడికొచ్చి ప్రైవేటు డిటెక్టివ్ లైసెన్సు తీసుకున్నాను. మా చర్చిలో పాటలు పాడే హోప్ అనే అమ్మాయి సాత్వికకు రూమ్మేటు. "అది చీమను కూడా తొక్కదు ఆంటీ" అని నా దగ్గర ఏడ్చింది. చీమను తొక్కనివాళ్ళు మనుషుల్ని తొక్కడం నా సర్వీసులో చాలాసార్లు చూశాను. అయినా హోప్ ఏడుపు చూడలేక వచ్చాను.

"తాత ఆ రోజు మస్తు హుషారుగ ఉండె ఆంటీ" అంది సాత్విక. "రిహార్సల్ చేద్దామన్నడు."

"దేని రిహార్సల్?"

"ఆయన తియ్యని సినిమాది. ఒక్కటే సీన్. కూతురు పెట్టె పట్టుకొని ఇల్లు వదిలిపోతది, తండ్రి గుమ్మంల నిలబడి ఉంటడు. మూడు నెలల నుంచి అదే చేస్తున్నం."

"నువ్వు కూతురువా?"

"కాదు ఆంటీ. నేను తండ్రిని. తాత కూతురు."

నవ్వొచ్చింది. ఎనభై ఆరేళ్ళ ముసలాయన కూతురు, పొడుగు జడ వేసుకున్న ఈ పిల్ల తండ్రి. కానీ సాత్విక నవ్వలేదు. గోడకున్న ఫోటోల వైపు చెయ్యి చూపించింది.

"ఆయన ఎప్పుడూ అట్లనే చేపిస్తడట. తనకు ఏ పాత్ర కష్టమో దాన్ని ఎదుటోళ్ళకిచ్చి, ఎదుటోళ్ళది తను చేస్తడు. పెద్ద పెద్ద సింగర్లు గూడ అలిగి పోయిండ్రట."

ఫోటోలన్నీ ఒక్కొక్కటిగా చూశాను. ఇటలీలో ఒక ఊరి ఒపేరా హాల్లో వేషాల బట్టలు కుట్టే తల్లి, ఆమె మిషను పక్కన చేతిలో సూదితో పదేళ్ళ లివియో. తర్వాత మీసాలొచ్చిన లివియో, కెమెరా వెనక. పదకొండు సినిమాలు, ముప్పైకి పైగా ఒపేరాలు. ఒక ఒపేరా చేయించడానికి డెబ్బై తొమ్మిదిలో మాంట్రియల్ వచ్చి, అందులో పాడిన ఎలెనాను పెళ్ళాడి ఇక్కడే ఉండిపోయాడు. ఆ పెళ్ళి ఫోటోలో ఆమె మెడలో ఉన్నదే ఇప్పుడు కనబడని ముత్యాల దండ. చివరి ఫోటో రెండు వేల ఒకటిది. ఆ తర్వాత గోడ ఖాళీ.

"ఎందుకు ఆగిపోయాడు?"

"తాత భార్య చనిపోయేటప్పుడు అన్న మాటలు తాత సినిమాల పెట్టిండట. బిడ్డ అది థియేటర్ల చూసి, ఇంటికొచ్చి పెట్టె సర్దుకుందట. మళ్ళ రాలే. ఆయన మళ్ళ సినిమా తియ్యలే."

కళాకారులకు కొన్ని హద్దులు కనబడవు. కనబడేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు.

హాలు పరీక్షించాను. నేల మీద రంగురంగుల టేపు ముక్కలు అంటించి ఉన్నాయి, ఎవరెక్కడ నిలబడాలో గుర్తులు. నీలం టేపు గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఎరుపు టేపు మంచం దగ్గర మొదలై, గుమ్మం దాటి, బయట ఇనుప మెట్లు దిగింది. మొదటి మెట్టు, రెండు, మూడు. నాలుగో మెట్టు మీద రెండు ముక్కలు, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. ఐదు నుంచి మళ్ళీ ఒక్కొక్కటే.

మెట్లు మెలిక తిరిగి కిందికి దిగుతాయి, రెండు వైపులా ఇనుప కమ్మీలున్నాయి. వెలుపలి కమ్మీని పట్టుకొని ఊపి చూశాను. గట్టిగా ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని మెట్టుకీ గోడకీ మధ్య సందులో నెయిల్ కట్టర్ మొన పెట్టి గీకాను. నాలుగు తెల్లని గింజలు రాలాయి. అరచేతిలో వేసుకుని చూస్తే ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. సన్నవి, విరగనివి.

"సాత్వికా, ఇవి సోనామసూరి కదూ?"

ఆ పిల్ల ముఖం తెల్లబోయింది. అప్పటిదాకా పట్టుకున్న దుఃఖం ఒక్కసారి బయటికొచ్చింది.

ఆ వారమే ఇండియా బియ్యం ఎగుమతి ఆపేసింది. మన షాపుల ముందు జనం క్యూలు కట్టారు, మనిషికొక సంచే అని షాపులవాళ్ళు బోర్డులు పెట్టారు. సాత్విక శనివారం మధ్యాహ్నం రెండు గంటలు నిలబడి ఒక సంచి సంపాదించి, దాంతోనే నేరుగా డ్యూటీకి వచ్చింది. ఖాళీ పెట్టె మోస్తే అబద్ధమని చూసేవాడికి తెలిసిపోతుందని కస్తాల్దీ పట్టుదల. ఆ సంచి తీసి పెట్టెలో పెట్టుకున్నాడు. పడినప్పుడు పెట్టె తెరుచుకుంది, సంచి చిరిగింది, మెట్ల నిండా బియ్యం.

"అంబులెన్సోళ్ళు జారిపడతరని ఊడ్చిన ఆంటీ. కొన్ని చేత్తో ఏరిన. బియ్యం తొక్కొద్దు గదా. తాత కింద పడుంటే నేను బియ్యం ఏరుతున్న. ఇది ఎట్ల చెప్పాలె పోలీసులకు? పెట్టె ఖాళీ అని చెప్పిన."

అబద్ధం ఆడటం రానివాళ్ళు ఆడే అబద్ధాలు ఇలాగే ఉంటాయి. దొంగ కూడా ఇంత అనుమానం తెప్పించడు.

కింద కారు తలుపు పడిన చప్పుడైంది. మూడు నలభై. "కృపక్కా, మెట్లు తుడుస్తున్నావా? పని మారినావని చెప్పనేలేదే" అన్న గొంతు వినిపించింది.

ఆంజనేయప్రసాద్. ఇన్సూరెన్సు కంపెనీ పరిశోధకుడు. అనంతపురం మనిషి. ఇద్దరం ఒకే బ్యాచ్‌లో లైసెన్సు ట్రైనింగ్ చేశాం. పరీక్షలో నాకంటే రెండు మార్కులు ఎక్కువొచ్చాయని ఇప్పటికీ కలిసిన ప్రతిసారీ గుర్తుచేస్తాడు. వెనకే ఫ్లావియా ఎక్కివచ్చింది. నలభై రెండేళ్ళుంటాయి. ఒంటారియోలోని కేంబ్రిడ్జ్‌లో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ మేనేజరు. ఆరు రోజుల నిద్రలేమి కళ్ళ కింద కనబడుతోంది. సాత్వికను చూసి ముఖం తిప్పేసుకుంది.

"అక్కా, నా దగ్గర మూడున్నాయి" అన్నాడు ప్రసాద్, ఫైలు తెరుస్తూ. ఫ్లావియాకి అర్థం కావాలని ఇంగ్లీషులోకి మారాడు. "కింది వాటాలో ఉండేవాళ్ళు మూడు తగాదాలు విన్నారు. మూడింటి ఇరవైకి, మూడు నలభైకి, నాలుగింటికి. ఎదురింటావిడ ఈ అమ్మాయి మెట్ల మీద తెల్లని పూసలు ఏరి సంచిలో వేసుకోవడం చూసింది. మూడోది, ఎమర్జెన్సీ ఫోన్ రికార్డింగు. 'ఇట్స్ బికాజ్ ఆఫ్ మీ' అని తన నోటితో తనే చెప్పింది. నాలుగుసార్లు."

"మీ కింది వాటావాళ్ళు ఆ మూడు తగాదాల గురించి ఇంకేం చెప్పారు? పూర్తిగా చదువు."

ప్రసాద్ ఫైల్లో పేజీ తిప్పాడు. "మూడుసార్లూ ఒకేలా ఉందన్నారు."

"నీకు పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయింది. మీ ఆవిడతో ఎప్పుడైనా ఒకే తగాదా, ఒకే మాటలతో, గంటలో మూడుసార్లు పడ్డావా?"

"మాటలు ఒకటే గానీ, ప్రతిసారీ కొత్తవి కలుపుతాదిలే" అన్నాడు తెలుగులో, తనకు తెలియకుండానే.

నా అరచేతిలోని గింజలు అతని ఫైలు మీద పోశాను. "ఇవీ నీ ఎదురింటావిడ చూసిన పూసలు. వీటిని వండుకు తింటారు."

జరిగినదంతా చెప్పాను. ప్రసాద్ గింజ ఒకటి పంటి కింద పెట్టి చూశాడు. అతని భార్య కూడా ఆ వారం క్యూలోనే ఉండి ఉంటుంది, అతనికి నమ్మకం కుదిరింది. ఫ్లావియాకి కుదరలేదు.

"కథ బాగుంది. మరి మా అమ్మ ముత్యాలేవి?" అంది. "బీరువాలో నగల పెట్టె ఖాళీగా ఉంది. నాన్న ఏటా వాటికి ఇన్సూరెన్సు కడుతూనే ఉన్నారు. రిహార్సల్ అంటున్నారు, దానికి రుజువేది?"

"పోలీసులు ఈమె బ్యాగులోంచి ఒక కాగితం తీశారు. దాని కాపీ ప్రసాద్ దగ్గరుంది" అన్నాను.

ప్రసాద్ కాపీ బయటికి తీశాడు. సరుకుల కొట్టు కరపత్రం వెనక నిండా తెలుగక్షరాలు. "ఇదేదో కోడ్ అక్కా. అక్షరాలు తెలుగే, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."

"డైలాగ్స్ అని చెప్పిన ఆంటీ" అంది సాత్విక. "ఏ భాష అంటే ఇటాలియన్ అన్న. స్టేషన్‌ల ఇటాలియన్ వచ్చిన ఆఫీసర్‌కు చూపిచ్చిండ్రు. ఆయన చూసి, ఇది ఇటాలియన్ కానే కాదన్నడు."

ఇటాలియన్ వచ్చినవాడికి తెలుగక్షరం రాదు. తెలుగక్షరం వచ్చినవాడికి ఇటాలియన్ రాదు. ఇద్దరూ నిజమే చెప్పారు, మధ్యలో పిల్ల మునిగింది. మా అమ్మమ్మకు ఇంగ్లీషు ముక్క రాదు. దొరసాని నేర్పిన ఇంగ్లీషు కీర్తనలన్నీ తెలుగక్షరాల్లో రాసుకొని, ఒక్క పదానికీ అర్థం తెలియకుండా, కళ్ళ నీళ్ళతో పాడేది. ఆ పుస్తకం చూస్తూ పెరిగినదాన్ని. ఈ కాగితం చూడగానే నాకు ఆమె చేతిరాతే గుర్తొచ్చింది.

"నేను చదువుతా" అంది సాత్విక.

"వద్దు. నువ్వు చదివితే ఇప్పుడే కట్టుకున్నావంటారు. నాకు ఇటాలియన్ రాదని ప్రసాద్ సాక్ష్యం చెప్తాడు. నేను చదువుతాను."

కళ్ళద్దాలు పెట్టుకుని, ఒకటో తరగతి పిల్లలా కూడబలుక్కుంటూ మొదలుపెట్టాను.

"ఫ్వోరి ఫా ఫ్రెద్దొ. ప్రెంది ఇల్ కప్పోత్తొ."

ఫ్లావియా చప్పున తలెత్తింది.

"నోన్ దొవేవొ ఉజారె లె సూఎ పరోలె."

ఆమె చెయ్యి గోడను వెతుక్కుంది. నేను ఆపలేదు. పరిశోధనలో జాలికి చోటు తర్వాత.

"లె పెర్లె ది తువ మాద్రె సోనొ నెల్ల ఫోదెర దెల్ల వలీజ. లె ఒ కుచీతె ఇయొ."

"మళ్ళీ" అంది. "ఆ చివరిది మళ్ళీ చదవండి."

మళ్ళీ చదివాను. ఆమె నేల మీద కూర్చుండిపోయింది. కాసేపటికి తనే అర్థం చెప్పింది, ఒక్కో మాటా ఆగి ఆగి. "బయట చలిగా ఉంది, కోటు తీసుకో. ఆమె మాటలు నేను వాడుకోకుండా ఉండాల్సింది. మీ అమ్మ ముత్యాలు పెట్టె లోపలి గుడ్డలో ఉన్నాయి. నేనే కుట్టాను."

"ఏ పెట్టె?" అన్నాడు ప్రసాద్.

"నేను ఇల్లు వదిలినప్పుడు పట్టుకుపోయిన పెట్టె. సర్దిన రాత్రంతా అది ఈ హాల్లోనే ఉంది. రిహార్సల్‌కి వాడిన పెట్టె, అదీ జత. ఇరవై రెండేళ్ళుగా మా బేస్‌మెంట్‌లో పడి ఉంది. ఆయన మీది కోపంతో దాన్ని మళ్ళీ ముట్టుకోలేదు."

ఫోన్ తీసి భర్తకు చేసింది. స్పీకర్‌లో పెట్టమన్నాను. అతను బేస్‌మెంట్‌లోకి దిగడం, సామాన్లు జరపడం, కత్తెర వెతుక్కోవడం అన్నీ వినిపించాయి. నాలుగు గంటల పదకొండు నిమిషాలకు అతనన్నాడు, "అడుగున ఒక వరుస కుట్టు వేరేగా ఉంది ఫ్లావియా, చాలా సన్నటి చేతికుట్టు." కత్తెరతో కుట్లు తెగిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత, "ఉన్నాయి. అన్నీ ఉన్నాయి" అన్నాడు.

సాత్విక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ప్రసాద్ మాత్రం ఫైలు మూయలేదు. వాడి వృత్తిధర్మం వాడిది.

"దొంగతనం పోయింది, ఒప్పుకుంటా. తోయడం మిగిలింది. రాయకపోతే నా ఉద్యోగం పోతుందక్కా. 'నా వల్లే' అని నాలుగుసార్లు ఎందుకంది?"

సాత్విక వైపు తిరిగాను. ఇదే నాకూ అర్థం కాని ముక్క.

"చెప్పమ్మా."

"మూడోసారి చేసినప్పుడు..." అని ఆగింది. "ప్రతిసారీ తాత పెట్టె పట్టుకొని దిగుతడు. నాలుగో మెట్టు మీద ఆగి, పది లెక్కపెట్టి, మళ్ళ దిగుతడు. అట్ల ఆగినప్పుడు తండ్రి ఏం అనడు. గంతే సీను. మూడోసారి ఆయన అట్ల ఆగితే, వెనక నుంచి ఆ భుజాలు చూసి నాకు ఏడుపొచ్చింది. పిలిచిన. 'ఫ్లావియా' అని పిలిచిన. కాగితంల లేదు. ఆయన వెనక్కి తిరిగిండు. పడ్డడు." కళ్ళు తుడుచుకుంది. "పోయేటోళ్ళను వెనక నుంచి పిలవొద్దు ఆంటీ. చిన్నప్పటి సంది మా నాయినమ్మ చెప్పేది. తెలిసి తెలిసి పిలిచిన. అందుకే పడ్డడు."

ప్రసాద్ పెన్ను ఆగిపోయింది. మా ఇంట్లో శకునాల పట్టింపు లేదు, ప్రార్థన చేసుకుని బయల్దేరడమే. అయినా గుమ్మం దాటినవాణ్ణి వెనక నుంచి పిలిస్తే మా నాన్న కూడా లోపలికొచ్చి మంచినీళ్ళు తాగి వెళ్ళేవాడు. ప్రసాద్‌కి ఇది నాకంటే బాగా తెలుసు. 'బికాజ్ ఆఫ్ మీ' అని ఇంగ్లీషులో విని, ఇంగ్లీషులోనే అర్థం చేసుకున్నాడు.

"మీకు ఇది అర్థం కాదు" అని ఫ్లావియాకి వివరించబోయాను. ఆమె వినడం లేదు. గుమ్మంలోకి వెళ్ళి ఎర్ర టేపును చూస్తోంది.

"ఆ సీను ఒకసారి చేసి చూద్దాం" అన్నాను. "ప్రసాదూ, నువ్వు ఏడో మెట్టు మీద నిలబడి టైము చూడు. సాత్వికా, నీలం టేపు మీద నిలబడు. కూతురుగా నేను దిగుతాను."

"అక్కర్లేదు" అంది ఫ్లావియా. "ఆ పాత్ర నాది."

పెట్టెలో బియ్యానికి బదులు పిండి సంచీ పెట్టి ఆమె ఎడమచేతికి ఇచ్చాను. కుడిచేత్తో వెలుపలి కమ్మీ పట్టుకుని దిగింది. లోపలి వైపు మెట్టు ఇరుకు కాబట్టి ఎక్కేవాళ్ళయినా, దిగేవాళ్ళయినా పట్టుకునేది వెలుపలి కమ్మీనే. నేను పరీక్షించిందీ దాన్నే. ఒకటి, రెండు, మూడు. నాలుగో మెట్టు మీద ఎవరూ చెప్పకుండానే ఆగింది.

సాత్విక భయంతో నావైపు చూసింది. పిలువు అని సైగ చేశాను.

"ఫ్లావియా!"

ఆమె గిరుక్కున తిరిగింది. కుడిచెయ్యి వెలుపలి కమ్మీని వదిలి, తిరిగిన ఊపులో లోపలి కమ్మీ మీద పడింది. కింద తుప్పు తినేసిన బోల్టు మెట్టులోంచి ఊడి, కమ్మీ జానెడు బయటికి వంగింది. పెట్టె ఎగిరి కింద పడింది. ప్రసాద్ రెండు మెట్లు దూకి, ఆమె నడుము చుట్టూ చేతులు వేసి గోడకు ఆనుకున్నాడు. కమ్మీ టంగుమని తన చోటికి తిరిగొచ్చి, ఏమీ ఎరగనట్టు నిలబడింది.

కాసేపు నలుగురం ఊపిరి పీల్చుకోవడమే పనిగా పెట్టుకున్నాం.

"దిగిపోయేవాళ్ళను ఈ కమ్మీ ఏం చెయ్యదు" అన్నాను. "వెనక్కి తిరిగినవాళ్ళనే పడేస్తుంది. రాసుకో ప్రసాదూ."

"రాస్తున్నానక్కా. బోల్టు ఫోటోలు కూడా పెడతా" అన్నాడు. "ఐదింటికి ఇచ్చే రిపోర్టులో ఈ పిల్ల పేరు సాక్షిగా తప్ప ఇంకెక్కడా ఉండదు."

సాత్విక పరుగెత్తుకెళ్ళి ఫ్లావియా పక్కన మెట్టు మీద కూర్చుంది. ఫ్లావియా నాలుగో మెట్టు మీది రెండు టేపు ముక్కలను వేలితో తడుముతోంది.

"ఇక్కడ ఆగమని ఆయనే చెప్పారా?"

"అవును మేడం. పది లెక్కపెట్టేదాక ఆగాలె అన్నడు."

"ఆ రోజు నేను ఇక్కడే ఆగాను. పిలుస్తారేమోనని. వెనక్కి చూస్తే తలుపు మూసి ఉంది. నేను ఆగిన సంగతి ఆయనకు తెలియదనుకున్నాను ఇన్నాళ్ళూ." "చూశారన్నమాట. తలుపు వెనక నిలబడి, పది దాకా లెక్కపెట్టారన్నమాట."

ఆమె సాత్విక వైపు తిరిగింది.

"నువ్వు నా పేరు పెట్టి పిలిచినప్పుడు, ఆయన ముఖం ఎలా ఉంది?"

"నవ్విండు మేడం" అంది సాత్విక. "పడేదాక నవ్వుతనే ఉన్నడు."

ఫ్లావియా ముఖం రెండు చేతుల్లో దాచుకుని చాలాసేపు ఏడ్చింది. సాత్విక ఆమె వీపు మీద చెయ్యేసి కూర్చుంది. ఏడుపు తగ్గాక ఫ్లావియా లేచి, కళ్ళు తుడుచుకుని, వెలుపలి కమ్మీని పట్టుకుంది.

"ఆరు రోజులుగా ఆయన మంచం పక్కన కూర్చుంటున్నాను. పేరు పెట్టి పిలుస్తూ ఉండమని డాక్టర్లు రోజూ చెప్తున్నారు. ఒక్కసారి కూడా నోరు రాలేదు" అంది. "నాతో రా సాత్వికా. ఇప్పుడు పిలుస్తాను."